ఒక బాటకెంత యడవి?

గడచిన జనవరి నెలలో మా తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని మామండూరు అడవికి పోయితిమి. మధ్యాహ్నము రేణిగుంట నుండి కడపకు పోవు బాటకు కొంచెము ఎడముగా నొక చెట్టునీడను కూర్చుండి భోజనము చేయుచుండగా, ఒక బాలుడు బాటవైపు తేరిచూచి యిట్లడిగెను: “అయ్యా, బాటల వలన అడవులు నశించునని పాఠములో చదివితిమి. ఈ బాట వెడల్పు ముప్పదియో నలువదియో అడుగులు. అడవి చూడబోయిన కనుచూపుమేర దాటియున్నది. దీని వలన దానికేమి నష్టము?”

ఈ ప్రశ్న అల్పమైనది కాదు. పెద్దచదువులు చదివినవారును, బాటలు వేయుటకు అనుమతుల నడుగువారును సైతము ఈ మాటనే మరియొక రీతిగా చెప్పుచుందురు. ఇంత విస్తీర్ణములో పోవునది యింతయే గదా యని శాతములను చూపుదురు. కావున మేము వెంటనే బదులు చెప్పక, మరునాడు తరగతిలో నల్లబల్లమీద ఆ లెక్కను వేయించి, అందులో తప్పెక్కడ నున్నదో విద్యార్థుల చేతనే వెదకించితిమి. ఆ వెదకులాటలో తేలిన సంగతులనే యిచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

ముందుగా నొక మాట. ఉష్ణమండలపు అడవి యనగానే మన విద్యార్థులకు అమెజాను నదీతీరమందలి చీకటి యడవులే తలపునకు వచ్చును. మన శేషాచలమును ఉష్ణమండలపు అడవియే యని చెప్పిన నవ్వుదురు. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరముగా 14 డిగ్రీల లోపలనే యున్నది. కర్కటరేఖ చాల దూరమున నున్నది. మన కొండలపై నున్నది ఎండకాలమున ఆకు రాల్చు పొడి యడవి. అందు ఎఱ్ఱచందనము, చిరిమాను, నల్లమద్ది, వెదురు మొదలగునవి పెరుగును. ఎఱ్ఱచందనము తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప ప్రపంచమున మరెచ్చటను తనంతట తాను పెరుగదు. ఈ యడవిలో కొంతభాగము 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనముగా ప్రకటింపబడినది. 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటింపబడినది.

ఇక లెక్క. అందరు నెరిగిన బాటయైన మంచిదని తిరుమల మొదటి ఘాటురోడ్డును తీసికొంటిమి. అది 1944లో తెరవబడినది. అంతకుముందు యాత్రికులు అలిపిరి మెట్లమీదుగానో, చంద్రగిరి వైపునుండి శ్రీవారి మెట్టు మీదుగానో నడిచి యెక్కెడివారు. శక్తిలేనివారిని డోలీలలో మోసెడివారు. ఆ బాట పొడవు సుమారు 19 కిలోమీటరులు. వెడల్పు, ప్రక్కకాలువలతో గూడ, 10 మీటరులని యనుకొంటిమి. గుణింపగా 19 హెక్టారులు. జాతీయవనపు విస్తీర్ణము సుమారు 353 చదరపు కిలోమీటరులు, అనగా 35,300 హెక్టారులు. భాగింపగా బాటకు వచ్చినది సుమారు 1,850 పాళ్లలో నొక పాలు. ప్రశ్న వేసిన బాలుడు గెలిచినట్లే కనబడెను. తోటివారు చప్పట్లు గూడ కొట్టిరి.

తప్పెక్కడ నున్నది? కుండకు పడిన చిల్లును ఎవ్వరును చిల్లు వైశాల్యముతో కొలువరు, కారిపోయిన నీటితో కొలుతురు. బాటను గూర్చియు అట్లే యాలోచింపవలెను. చెట్లు గుబురుగా నున్నచోట నేలపై ఎండ తిన్నగా పడదు. గాలి విసురు తక్కువ. రాలిన యాకు క్రింద తేమ నిలుచును. ఆ తేమలోనే విత్తనములు మొలకెత్తును. చెదలును పురుగులును ఆకును మన్నుగా మార్చును. బాట తెరచినంతనే ఎండయు గాలియు ప్రక్కలకు చొచ్చును. అంచున నున్న నేల యెండిపోవును. నీడ కోరు లేతమొక్కలు చచ్చి, ఎండ కోరునవి లేచును. అవి యెట్టివి? లారీచక్రముల మట్టితోను, తెచ్చిపోసిన కంకరతోను వచ్చిన తలంబ్రాల చెట్టు, వయ్యారిభామ, పొడవైన గడ్డి. తలంబ్రాల చెట్టు పూలను చూచి మనవారు ముచ్చటపడుదురు గాని, అది అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములనుండి వచ్చి మన యడవుల నాక్రమించుకొన్న కంప. పశువులు దానిని మేయవు. దాని గుబురు క్రింద మరియొక మొక్క సులభముగా బ్రదుకదు. గడ్డి మాటయో, మార్చి నాటికి పూర్తిగా నెండును. బండిలోనుండి విసరిన బీడీముక్క యొకటి చాలును. మన పొడి యడవికి నిప్పంటిన నెంత దూరము పోవునో 2014 మార్చి నెలలో శేషాచలమునందు చూచితిమి. దానిని ఆర్పుటకు వైమానికదళపు హెలికాప్టరులు రావలసి వచ్చినవి.

వాననీటి సంగతియు నిట్టిదే. కొండవాలును త్రవ్వి మెట్టువలె చదునుచేసి బాట వేయుదురు. అంతవరకు వాలంతట పలుచగా జారి, వేళ్ల నడుమ నింకి, మెల్లగా దిగుచుండిన నీరు బాటకాలువలో పడి, తూము తూమునకు పోగై, ఒక్కచోట ధారగా దూకును. ఆ ధార క్రింద గండి పడును. పైవైపున, వాలుయొక్క పాదమును కోసినట్లగుటచే బండలు నిలుకడ తప్పును. 2021 నవంబరు నెలలో కురిసిన భారీవర్షముల తరువాత, డిసెంబరు 1వ తేదీన, తిరుమల రెండవ ఘాటురోడ్డుపై పెద్దబండలు దొర్లిపడి బాట చెడి రాకపోకలు నిలిచిపోయిన సంగతి మన ప్రాంతమువారెల్ల నెరుగుదురు.

ఈ సంగతులు చెప్పిన పిదప లెక్కను మరల వేయించితిమి. అంచుల చెరుపు ఇరుప్రక్కల నూరేసి మీటరులు మాత్రమే చొచ్చునని యనుకొనినను, 19 హెక్టారులకు బదులు 380 హెక్టారులగును. అనగా ఇరువది రెట్లు. ఇచ్చట వెనుకబల్లమీది యొక బాలిక లేచి, “ఘాటురోడ్డు పాము వలె మెలికలు తిరుగును గదా, పై మెలిక పట్టీయు క్రింది మెలిక పట్టీయు ఒకదానిమీద నొకటి పడవా?” యని యడిగెను. నిజమే, అట్లు పడినచోట రెండుమారులు లెక్కింపరాదు. అయితే అచ్చట మెలికల నడుమ చిక్కిన యడవి నాలుగువైపుల నంచులే గాని నడుమ లేనిదై పోవును. దాని సంగతి మరింత అన్యాయము.

అడ్డు అను మాట యొకటి కలదు. దేవాంగపిల్లి యను చిన్న జంతువు మన కొండలయందున్నది. పెద్దకన్నులు, సన్నని కాళ్లు. రాత్రివేళ కొమ్మనుండి కొమ్మకు మెల్లగా పాకును గాని గంతులు వేయనేరదు. కొమ్మలు కలిసియున్నంతవరకే దానికి దారి. తెగినచోట నేలకు దిగి దాటవలెను. పది మీటరుల ఎడము మనకు కొన్ని యడుగులు. దానికి ఏరు దాటినట్లు. చలికాలపు రాత్రులలో తారు వెచ్చగా నుండుటచే పాములు దానిపై పరుండి బండ్ల క్రింద పడును. తొలకరివానలకు కప్పలు గుంపులుగా దాటుచు అట్లే నశించును. ఇవి వార్తాపత్రికలకెక్కవు.

ఇంతవరకు చెప్పినదంతయు బాట స్వయముగా చేయు హాని. మా యభిప్రాయమున నిది సగము గూడ కాదు. బాట అడవికి తీసిన తలుపు వంటిది. తలుపు చెక్క యెంత వెడల్పని కాక, దానిగుండ నేమేమి వచ్చుచున్నది, ఏమేమి పోవుచున్నది అని చూడవలెను. బ్రెజిలు దేశమువారు 1970 తరువాత అమెజాను అడవికడ్డముగా ట్రాన్సమెజానియను రాజబాటను వేసిరి. ఇట్టి బాటలున్నచోట ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములలో ప్రధానమైన బాట చేపవెన్నెముక వలెను, దానినుండి చీలిన దారులు ముండ్ల వలెను కనబడును. ఒక్కొక్క ముల్లు వెంటను ఇండ్లు, పసులమందలు, నరికిన చేలు. 2014లో వెలువడిన యొక పరిశోధనలో, అచ్చట నరకబడిన యడవిలో నూటికి సుమారు 95 వంతులు బాటలకు 5.5 కిలోమీటరుల లోపలనో, పడవలు నడచు నదులకు 1 కిలోమీటరు లోపలనో యున్నట్లు తేలినది. బాటకు కావలసి కొట్టిన చెట్లు ఆ లెక్కలో నెన్నవవంతు?

మన శేషాచలమున చేపముండ్లు లేవు. అడవిశాఖ కట్టుబాట్లచేతను, కొండల నిటారుతనము చేతను, అట్లు చేలు పరచుకొనుటకు వీలులేకపోయినది. కాని తలుపు మాత్రము తెరచియే యున్నది. ఎఱ్ఱచందనపు దుంగనే చూడుడు. దాని చేవ నీటిలో మునుగునంత బరువు. దానిని కొండలోపల నరికినవాడు భుజముమీద మోసికొని రావలసినది బాటవరకే. బాట దగ్గర నొక బండి నిలిచియున్నది గనుకనే ఆ దుంగకు వెల. బాట పది మైళ్ల యావల నున్నచో మోయువాడుండడు, కొనువాడుండడు. 2015 ఏప్రిలు 7వ తేదీన శేషాచలమున పోలీసు కాల్పులలో 20 మంది చెట్లు నరుకు కూలీలు చనిపోయిరి. వారు తమిళనాటినుండి వచ్చినవారు. దుంగను కొనువారు ఆ దినమున ఆ కొండపై లేరు. బాట అడవిని గూర్చిన పాఠములో మనుష్యుల చావు నేల తెచ్చితిరని యెవరైన నడుగవచ్చును. ఆ యిరువదిమందిని అడవిలోనికి తెచ్చినదియు, దుంగలను అడవినుండి కొనిపోవునదియు నొక్కటే గనుక తెచ్చితిమి.

తలుపుగుండ వచ్చునది గొడ్డలి మాత్రమే కాదు. ప్రయాణికులు కోతులకు అరటిపండ్లు విసరుట పుణ్యమని తలంతురు. కోతులు అడవి కాయలను మాని బాటయంచున కాపురముండి, చక్రముల క్రింద పడును. పారవేసిన యన్నమునకు కుక్కలును అడవిపందులును చేరును. వాటికొరకు చిరుతపులి వచ్చును. 2023 ఆగస్టు నెలలో అలిపిరి నడకదారిలో ఆరేండ్ల బాలికను చిరుత చంపినది. ఆ వార్త చదివిన దినమున మా ప్రార్థనకూటమున విద్యార్థులెవ్వరును కదలలేదు. చిరుత యెవరిమీదను పగతో రాలేదు. తిండి యున్నచోటికి వచ్చినది. ఆ తిండి మనుష్యులు పారవేసినదానితో పెరిగినదని చెప్పుటకు మేము వెనుదీయము.

ఇక రైలుమార్గము. మామండూరు మీదుగా బాలపల్లెకు పోవు రైలు, కొండల నడుమ ఆ యడవిలోనుండియే సాగును. దక్షిణదేశమున మొదటి రైలుమార్గము 1856లో రాయపురమునుండి ఆర్కాటు వైపునకు తెరవబడినది. రేణిగుంట, కడపల మీదుగా పోవు మార్గము 1871 నాటికి రాయచూరు చేరి బొంబాయి మార్గముతో కలిసినది. ఆ దినములలో పట్టాల క్రింద పరచునవి కొయ్యస్లీపరులు. మైలునకు 1,760 మొదలు 2,000 వరకు కావలెను. రేణిగుంటకును కడపకును 75 మైళ్లని లెక్కించినను లక్షాముప్పదివేలకు తక్కువ గాదు. అన్నియు మన కొండలవే యనుటకు వీలులేదు. కొన్ని సీమనుండి ఓడలమీద వచ్చినవి. అయినను 1850 తరువాతి దశాబ్దములో మద్రాసు రాజధానియందు స్లీపరులకొరకే యేటేట 35,000 చెట్లు కొట్టబడినవని చరిత్రపుస్తకములలో నున్నది. కొయ్య పుచ్చగానే మరల మార్చవలెను. అదిగాక యింజనులు చాలకాలము కట్టెలతోనే నడచినవి. సింగరేణిలో బొగ్గు త్రవ్వుట 1889లో గాని మొదలుకాలేదు. పట్టణమును ముట్టడించు సేన సైతము ఫలవృక్షములను గొట్టరాదని ద్వితీయోపదేశకాండములో నొక నియమము కలదు. కంట్రాక్టరులకు అట్టి నియమమేదియు లేకుండెను. అడవి తరుగుట చూచియే 1856లో మద్రాసు రాజధానికి క్లెగ్‌హారను దొరను మొదటి అటవీసంరక్షకునిగా నియమించిరి. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చినది. రైలు అడవిని తిన్నందుననే అడవికి చట్టము వచ్చినదనిన పూర్తిగా సత్యము కాకున్నను, చాలవరకు సత్యము. ఆ చట్టముతో కొండపల్లెలవారి కట్టెయు పసులమేతయు కట్టుబాటులో పడినవి. తిన్నది రైలు, కట్టుబడినది పల్లె.

కాని నేటి సంగతి చూచిన నొక చిత్రము కనబడును. ఆనాడు అంత యడవిని తిన్న రైలు ఈనాడు బాటకంటె తక్కువ హాని చేయుచున్నది. స్లీపరులు కాంక్రీటువి, ఇంజను విద్యుత్తుతో నడచును. అన్నిటికంటె ముఖ్యమైనది, రైలు స్టేషనులో తప్ప నిలువదు. మామండూరునకును బాలపల్లెకును నడుమ ఎవ్వడును దిగి చెట్టు నరికి మరల నెక్కజాలడు. బాటమీద నెక్కడ పడిన నక్కడ దిగవచ్చును. తలుపు అనుటలో మా భావమిదియే. రైలును ఏనుగులను చంపుచున్నది, అస్సాము వంగదేశములలో; దానిని కప్పిపుచ్చుట లేదు. ఓబులవారిపల్లెనుండి వెంకటాచలమునకు 2019లో తెరవబడిన కొత్త రైలుమార్గము వెలికొండలను దాటుటకు 6 కిలోమీటరులకు పైబడిన సొరంగములోనుండి పోవును. సొరంగపు రాతిని పోయుటకు చోటు కావలెను గాని, సొరంగముపైని కొండమీద చెట్లు చెట్లుగానే యున్నవి. జింకలు తమ దారిని తాము పోవును. చాల ఖర్చైన పని, చేయదగిన పని.

ఏనుగుల మాట యెత్తితిమి గనుక పలమనేరు సంగతి చెప్పి తీరవలెను. చిత్తూరు జిల్లాలో ఏనుగులు సుమారు రెండు శతాబ్దములు లేవు. 1980 తరువాత దక్షిణపు అడవులనుండి గుంపులు మరలి వచ్చినవి. వాటికొరకు పలమనేరు, కుప్పము ప్రాంతముల యడవిని 1990లో కౌండిన్య అభయారణ్యముగా ప్రకటించిరి. ఏనుగు ఒకచోట మేసి ఒకచోట నీరు త్రాగు మృగము. దాని దారి తరతరముల దారి. దానికడ్డముగా చిత్తూరునుండి పలమనేరు మీదుగా బెంగుళూరునకు పోవు రాజబాట యున్నది. రాత్రియంతయు కూరగాయల లారీలు, సరకుల లారీలు. 2023 జూను నెలలో ఒక రాత్రి పలమనేరు దాపున, జగమర్ల దారి దగ్గర, బాట దాటుచున్న మూడు ఏనుగులు కూరగాయలబండి తగిలి చనిపోయినవి. మా విద్యార్థుల తండ్రులలో లారీ నడుపువారు కలరు. వారిలో నొకరు మాతో నిట్లనిరి: “అయ్యా, తెల్లవారులోపల సంతకు చేర్చవలె, చీకటిలో ఏనుగు నల్లగా, బాట నల్లగా, కనబడినప్పటికి బ్రేకు చాలదు.” అతని మాటను కూడ మేము లెక్కలో వేయవలసియున్నది.

బాటలే వలదని మేము చెప్పము. డోలీలో మోయబడిన రోగిని, పురిటినొప్పులతో కొండపల్లెలో చిక్కుకొన్న స్త్రీని తలచుకొన్నవాడు అట్లు చెప్పనేరడు. అడవిలోనుండి బాట పోవలసియే యున్నచో ఎట్లు పోవలెననునదే ప్రశ్న. కర్ణాటకమున బండీపురపు అడవి నడుమనున్న రాజబాటలను 2009నుండి రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు మూసివేయుచున్నారు. పలమనేరు బాటకిది కుదరదు. రెండు మహానగరముల సరకు దానిమీదనే పోవును. మహారాష్ట్రమున పెంచ్ అడవిగుండ పోవు 44వ జాతీయరహదారిని వెడల్పు చేసినప్పుడు, బాటను స్తంభములమీద నెత్తి, క్రింద మృగములకు తొమ్మిది దారులు విడిచిరి. రెండింటి పొడవు వందలమీటరుల లెక్క. దాచిపెట్టిన కెమెరాలతో చూడగా 18 జాతుల మృగములు, పెద్దపులితో గూడ, వాటిగుండ దాటుచున్నవని తెలిసినది. వంతెన కట్టినంతనే మృగము దానిని వాడునా యని సందేహించినవారికి అది బదులు. అయితే దారి విడుచుటకు ముందు మృగము ఎచ్చట దాటునో తెలియవలెను. అది నక్షాపటముమీద తెలియదు, నేలమీద అడుగులు చూచిన వారికి తెలియును.

అందుచేత మేము లెక్కను మార్చి, మా ప్రకృతిశాస్త్రపు గదిలో నొక దినచర్యపుస్తకమును పెట్టితిమి. భాకరాపేట కనుమమీదుగా శనివారము ఇండ్లకు పోయి సోమవారము వచ్చు హాస్టలు విద్యార్థులు, బస్సు కిటికీలోనుండి బాటమీద చచ్చిపడియున్న జంతువును చూచినచో, తేదీ, మైలురాయి, వానయో యెండయో, తెలిసినంతవరకు జంతువు పేరు అందు వ్రాయుదురు. మొదట ప్రశ్న వేసిన బాలుడే దానికి గీతలు గీసి గడులు చేసెను. ఈ పత్రికను చదువు పూర్వవిద్యార్థులలో ఆ బాటమీదను, పలమనేరు బాటమీదను, బస్సులును లారీలును నడుపువారు గాని, బాటల పనులలో నున్నవారు గాని యుండినచో తాము చూచినవానిని ఒక కార్డుమీద వ్రాసి బడికి పంపగోరుచున్నాము. చోటును సరిగా వ్రాసిన చాలును. జంతువు పేరు తెలియకున్న రంగును కొలతను వ్రాయవచ్చును. ఇప్పటికి మొదటి పుటలో నున్నవి: ఒక ముంగిస, రెండు కట్లపాములు, ఒక నక్షత్రతాబేలు, గుర్తుపట్టజాలని పిట్ట యొకటి.